హాఫ్‌టైమ్ వడ్డన

ఏక్‌బాల్‌పూర్, కలకత్తా
6 మే 2024

దయత్తకి జాబేజ్ వందనాలు.

ఇక్కడ నేనూ కెరోలినూ క్షేమం. నీకు రెండో చెవి కూడా పూర్తిగా పోయిందని, ఇక ఫోను చేసి లాభం లేదని నువ్వుండే హాస్టలు వార్డెనమ్మ చెప్పింది. అందుకే కాగితం పట్టుకున్నాను. ఖిదిర్‌పూర్ బడిలో నువ్వు తెలుగు నేర్పినవాళ్ళలో ఇంకా రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. అదీ తప్పులతోనే. ఎర్రసిరా తీసుకుని కూర్చోకు.

ఆట మానేశాను అత్తా. కుడి మోకాలికి ఇది మూడో ఆపరేషను, ఇంకోటి చేయనని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. పదిహేడేళ్ళు ఫుట్‌బాల్‌లో లెఫ్ట్‌బ్యాక్‌గా ఆడాను. రెండేళ్ళు పెద్ద క్లబ్బులో, ఒక ఏడాది గోవాలో, మిగతాదంతా ఇక్కడి మైదాన్ బురదలో. ముప్పై ఏడేళ్ళొచ్చాయి, ఇంకెంత ఆడతానులే. ఈ మాట అందరికీ నవ్వుతూనే చెబుతున్నాను. మధ్యాహ్నం మూడయ్యేసరికి మాత్రం కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయి. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తుంటే కింద వాటావాళ్ళు వచ్చి ఏం పారేసుకున్నావని అడిగారు.

మా క్లబ్బు వాళ్ళు నన్ను వదిలిపెట్టలేదు. టెంటులో ఒక ముఖ్యమైన పని మూడేళ్ళకి నాకు రాసిచ్చారు. వచ్చేపోయేవాళ్ళందరినీ చూసుకునే బాధ్యత. కెరోలిన్ బడి ఆఫీసులో ఉద్యోగం వదులుకుని నాకు తోడుగా వస్తోంది. జూన్‌లో లీగు మొదలవగానే మా పనీ మొదలవుతుంది. వివరాలు మళ్ళీ రాస్తాను.

నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాం. మందులు మానకు.

నీ మేనల్లుడు
జాబేజ్


టెక్కలి
16 మే 2024

జాబేజుకు దేవుని కృప తోడుండాలని కోరుతూ దయత్త రాసేది.

ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. ఎర్రసిరా పెట్టలేదు, లెక్క మాత్రం పెట్టాను. మోకాలు గురించి చదివి దిగులుపడ్డాను, ఆ తర్వాత పేరా చదివి లేచి నిలబడ్డాను. క్లబ్బుకి నువ్వు మేనేజరువయ్యావన్నమాట. సూటిగా చెప్పడానికి ఏం మొహమాటంరా? నిండుకుండ తొణకదంటారు, నువ్వు చూస్తే మూత కూడా తియ్యకుండా ఉన్నావు.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రవీణ్ కుమార్ పాస్టరుకి చెప్పాను. టెంటు అనేసరికి ఆయన గుడారం అనుకున్నాడు. కాదయ్యా, కలకత్తాలో ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసుని అలాగే అంటారు, మా వాడు దానికి పెద్ద అని చెప్పాను. అపొస్తలుడైన పౌలు కూడా డేరాలు కుట్టినవాడే కదమ్మా అన్నాడట. నాకు వినపడలేదు, పక్కావిడ కాగితం మీద రాసి చూపించింది. సంఘమంతా చప్పట్లు కొట్టారు. చేతులు కదలడం కనిపించింది.

మీ నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో. ఆ ఓడల ఆఫీసర్ల మెస్సులో ముప్పై ఏళ్ళు బట్లరుగా కుర్చీల వెనక నిలబడ్డాడు మా జ్ఞానానందం అన్నయ్య. మన ఇంట్లో ఇంకెవరూ భుజాన తువ్వాలు వేసుకుని ఇంకొకడి కంచం దగ్గర నిలబడకూడదన్నది ఆయన పట్టుదల. నీకు బంతి కొనిచ్చింది అందుకే. ఆ మాట నువ్వు నిలబెట్టావు. ఇక నేను కళ్ళు మూసుకున్నా చింత లేదు, అయినా ఇప్పుడప్పుడే మూసుకోను.

కెరోలిన్ నీ ఆఫీసులోనే పని చేస్తుందంటే మంచిదే. మొగుడూ పెళ్ళాలు ఒకే చోట పని చేస్తే పోట్లాటలు ఎక్కువవుతాయి, జాగ్రత్త.

దయత్త


ఏక్‌బాల్‌పూర్
24 జూన్ 2024

దయత్తకి వందనాలు.

నీ ఉత్తరం అంది నెల దాటింది. జవాబు రాద్దామని నాలుగుసార్లు కూర్చుని లేచాను. ఈ మధ్య ఏ పనికైనా కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. వాన మొదలైంది. వాట్‌గంజ్‌లో మోకాలి లోతు నీళ్ళు. నా మోకాలు ఆ సంగతి ముందు రోజే చెబుతోంది.

లీగు మొదలైంది. పని చాలా ఉంది. పొద్దున ఆరింటికి బయల్దేరితే రాత్రి తొమ్మిదికి ఇల్లు. కెరోలిన్ బాగా అల్లుకుపోయింది. నాకే ఇంకా చెయ్యి తిరగలేదు. మ్యాచ్ జరుగుతుంటే నేను లోపల ఉండాలి. విజిల్ వినపడుతుంది, జనం అరుపు వినపడుతుంది, బంతి ఎవరి దగ్గరుందో కనపడదు. అది నాకు పెద్ద శిక్షగా ఉంది. మొన్న ఆదివారం పనిమీద బర్ధమాన్ వైపు వెళ్ళొచ్చాను. ఆ రోజు మనసు కాస్త కుదుటపడింది.

అత్తా, నాన్న మెస్సులో చేసే మాంసం స్ట్యూ నీకు గుర్తుందా? నువ్వు రాసి పంపితే బాగుంటుంది. అరవై మందికి సరిపడా కొలతలు కావాలి. మన శ్రీకాకుళం అప్పలసూరి తాత, రేవులో పనిచేసి రిటైరైనాయన, ఇక్కడ మాకు సాయంగా ఉన్నాడు. ఆయన వండుతాడు.

నువ్వు పాస్టరుగారికి చెప్పిన సంగతి గురించి... సరే, తర్వాత మాట్లాడదాం.

జాబేజ్


టెక్కలి
4 జూలై 2024

జాబేజుకు,

కృపా సమాధానములు నీకు కలుగునుగాక అని పాస్టరు రాయమన్నాడు, రాశాను. ఇక నా మాట.

నీకు ఆఫీసు గదిలోంచి మ్యాచ్ కనపడకపోతే కిటికీ పెట్టించుకోవచ్చు కదా, మేనేజరువేగా. బర్ధమాన్‌కి పనిమీద వెళ్ళావంటే కొత్త ఆటగాళ్ళని చూడ్డానికని అర్థమైంది. అరవై మందికి స్ట్యూ ఎందుకా అని మొదట ఆశ్చర్యపోయాను. పెద్ద హోదాలో ఉన్నవాడు ఆటగాళ్ళకి విందు పెట్టాలి, అదీ నిజమే. చెయ్యి చాపి పెట్టు, దేవుడు నీకిచ్చాడు.

రాసుకో. పన్నెండు కిలోల మాంసం, ఎముకతో. ఆరు కిలోలు చిన్న ఉల్లిపాయలు, కొయ్యకుండా అలాగే వెయ్యాలి. క్యారెట్టు, బంగాళాదుంప, కాస్త పచ్చి బొప్పాయి. కారం పడకూడదు, మిరియాలే. నీచు వాసన పోవడానికి బిర్యానీ ఆకు. దింపే ముందు పాలల్లో కలిపిన మైదా కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాలి, ఒక్కసారి పోస్తే ఉండలు కడుతుంది. ఇది నేను ఆయన్ని అడిగి నేర్చుకోలేదు. ఇంట్లో క్రిస్మస్‌కి చేస్తుంటే చూశాను. ఆయన వంట గురించి రాస్తూ రెండుసార్లు కలం కింద పెట్టాను. ఇంకోసారి అడగకు.

ఇంకో శుభవార్త. ప్రవీణ్ కుమార్ పాస్టరు జూలై ఆఖరున కలకత్తా సభలకి వస్తున్నాడు. నీ టెంటు చూసి, నిన్ను మీ ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీసుకుని వస్తానన్నాడు. దాన్ని మన సంఘం హాల్లో గోడకి పెడతారట. తెల్లచొక్కా వేసుకో. కెరోలిన్‌ని చీర కట్టుకోమను.

దయత్త


ఏక్‌బాల్‌పూర్
5 ఆగస్టు 2024

దయత్తకి,

పాస్టరుగారు వచ్చారు, చూశారు, ప్రార్థన చేసి వెళ్ళారు. కుర్చీలో కూర్చున్నాను, ఫోటో తీసుకున్నారు. తెల్లచొక్కాయే వేసుకున్నాను. ఆ రోజు కెరోలిన్‌కి జ్వరం, రాలేకపోయింది.

ఒంట్లో బాగుంది. మనసే ఒకచోట నిలవడం లేదు. ఎక్కువ రాయలేకపోతున్నాను.

జాబేజ్


టెక్కలి
17 ఆగస్టు 2024

జాబేజుకు,

నాలుగు ముక్కలు రాసి పంపావు. టెలిగ్రాములు కూడా ఇంతకంటే పొడుగుండేవి. కెరోలిన్‌కి జ్వరం తగ్గిందా? ఇప్పుడు అక్కడ దోమల కాలం.

ఫోటో గోడ మీద పెట్టారు. నువ్వు కూర్చున్నావు, వెనక జెండాలు, కప్పులు. దొరలా ఉన్నావురా. రోజూ పొద్దున వెళ్ళి చూసి వస్తున్నాను. పాస్టరు ఆదివారం పావుగంట నీ గురించే చెప్పాడు. స్ట్యూ గురించి ఇంకో పావుగంట. అంతా నాకు రాసి చూపించారు. వడ్డించిన మనిషి మరీ మర్యాదస్తురాలట. నీలం ఏప్రను కట్టుకుని, వేడి వేడి బ్రెడ్డు తెచ్చి, నీ ముందూ పాస్టరు ముందూ పెట్టి, అడక్కుండానే నీళ్ళు పోసిందట. ఏ ఊరమ్మా అని పాస్టరు తెలుగులో అడిగితే నీ వైపు చూసి ఊరుకుందట. తెలుగు రాదు కాబోలు. అలాంటి పనిమనిషి దొరకడం కష్టం, పండక్కి చీర పెట్టి నిలుపుకో.

ఒక్క మాట మాత్రం చెబుతాను, పెద్దదాన్ని కాబట్టి. పనివాళ్ళని మరీ దగ్గరికి రానివ్వకు. ఆమె నీ కుర్చీ పక్కన మరీ చొరవగా నిలబడిందని పాస్టరుతో వచ్చినావిడ రాసింది. కెరోలిన్ ఒంట్లో బాగాలేక ఇంట్లో ఉన్న రోజున ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? హోదా వచ్చాక మనిషి ఎక్కడ నిలబడాలో, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో తెలుసుకోవాలి. మీ నాన్న అదే అనేవాడు.

దయత్త


ఏక్‌బాల్‌పూర్
1 సెప్టెంబరు 2024

అత్తా,

ఈ ఉత్తరం చదివేముందు కూర్చో.

నేను మేనేజర్ని కాను. మా క్లబ్బు టెంటులో క్యాంటీన్ నడుపుతున్నాను. మూడేళ్ళకి రాసిచ్చింది ఆ కాంట్రాక్టు. బఠాణీల ఘుగ్ని, కోడిగుడ్డు టోస్టు, టీ, నాన్న స్ట్యూ. అప్పలసూరి తాత వండుతాడు, కెరోలిన్ కౌంటరు దగ్గర ఉంటుంది, నేను వడ్డిస్తాను. వడ్డించాలి అని రాయడం సరైనది. ఎందుకంటే చాలాసార్లు నేను అక్కడ లేను.

మొదటి ఉత్తరంలోనే రాద్దామనుకున్నాను. నాన్న మాట గుర్తొచ్చి చెయ్యి ఆగింది. నువ్వు మేనేజరని రాసేసరికి కాదని రాయడానికి ధైర్యం చాలలేదు. ఒక వారం ఆగాను, రెండు వారాలు ఆగాను. అప్పటికి మీ సంఘమంతా చప్పట్లు కొట్టేశారు.

హాఫ్‌టైమ్ పదిహేను నిమిషాలు. పదిహేడేళ్ళు ఆ పదిహేను నిమిషాలూ తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నవాణ్ణి నేను. ఇప్పుడు ఆ పదిహేను నిమిషాల్లోనే రెండు వందల మంది ఒక్కసారి కౌంటరు మీద పడతారు. మా వ్యాపారమంతా అంతే, విజిలుకీ విజిలుకీ మధ్య. ఇన్నేళ్ళూ గ్యాలరీలోంచి నా ఆట చూసిన ముసలాయన ఒకడు మొదటిరోజే గుర్తుపట్టి, ఏం జాబేజ్ దాదా, నువ్వా, రెండు స్ట్యూ పట్రా అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేను ప్లేట్లు ఆయన ముందు పెట్టి వెనక గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయి గ్రౌండు చుట్టూ మూడుసార్లు తిరిగాను. బర్ధమాన్ వెళ్ళింది ఏ పనిమీదా కాదు. అక్కడ ఊళ్ళ టోర్నమెంట్లకి మాలాంటివాళ్ళని ఒక్క మ్యాచ్‌కి కూలికి పిలుస్తారు, వేరేవాళ్ళ పేరుతో ఆడిస్తారు. ఖేప్ అంటారు. ఈ మోకాలితో, ఎవరిదో పేరుతో, తొంభై నిమిషాలు ఆడి వచ్చాను. ఆ రోజు ఇక్కడ టెంటులో మ్యాచ్ ఉంది. కెరోలిన్ ఒక్కతే ఈదింది. వచ్చాక నా మోకాలికి ఐసు కట్టింది.

పాస్టరుగారు వచ్చిన రోజు సంగతి చెబుతాను. ఆయన గేటు దగ్గర కనపడగానే నేను ఏప్రను విప్పి కౌంటరు కింద తోశాను. సెక్రటరీ బాబు ఊళ్ళో లేడు, గది తెరిచి ఉంది. ఆయన కుర్చీలో కూర్చున్నాను. ముందుగా అనుకున్నది కాదు అత్తా. నా కాళ్ళే తీసుకెళ్ళాయి. కెరోలిన్ ఏమీ తెలియక స్ట్యూ తెచ్చింది. పాస్టరుగారు ఆమెని చూసి, "ఈవిడ?" అని అడిగారు. నేను, "క్యాంటీన్ ఆవిడ" అన్నాను.

కెరోలిన్ విన్నది. నీళ్ళ జగ్గు చేతిలో ఉంది. గ్లాసుల్లో పోసింది. పోసి నా వైపు వంగి, పాస్టరుగారికి వినపడకుండా, "దాదా, ఇంకేటైనా కావాలా?" అంది.

నాకు జ్వరమొస్తే నిద్ర మానుకునే మనిషికి జ్వరమని నీకు రాశాను. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా, కౌంటరు దగ్గరికి వచ్చే ప్రతివాడిలాగే, ఆమెకి నేను దాదానే, అన్నయ్యనే. అన్నం పెట్టి, దాదా సరిపోయిందా అని అడిగేది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని ఎదురుచూశాను. రెండూ చెయ్యలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నువ్వు బడిలో రాయించేదానివి. తొక్కాక కడుక్కోవడానికి నీళ్ళు కూడా దొరకలేదు నాకు.

నీ ఆగస్టు ఉత్తరం నేను లేనప్పుడు వచ్చింది. టెక్కలి కబుర్లు అంటే అప్పలసూరి తాతకి ప్రాణం. కెరోలిన్‌కి తెలుగు చదవడం అంతంతమాత్రం కదా, ఆయన చేత చదివించుకుంది. ఆయన పాపం పనిమనిషి అన్న చోట కూడా ఆగకుండా చివరిదాకా గట్టిగా చదివాడట. నేను వచ్చేసరికి కెరోలిన్ ఏప్రను మడిచి కౌంటరు మీద పెట్టింది. "నాను పనిమనిషినే, ఒప్పుకుంతన్నాను. మరి మానీసినాను" అంది. షాలిమార్‌లో వాళ్ళమ్మ ఉండే రైల్వే క్వార్టరుకి వెళ్ళిపోయింది.

మూడుసార్లు వెళ్ళాను. రెండుసార్లు తలుపు తియ్యలేదు. మూడోసారి తీసి, క్షమించమని నేను నోరు తెరిచేలోపే, "నాకు సెప్పకు. ఎవుల ముందర నన్ను కాదన్నావో ఆలకి సెప్పు" అంది.

అందుకని అంతా రాసి పాస్టరుగారికి స్పీడ్‌పోస్టులో పంపాను. ఆదివారం సంఘం ముందు చదవమని అడిగాను. నీతో చెబితే వద్దంటావని ముందు చెప్పలేదు. నా మూలంగా నీకు అందరి ముందూ తలవంపు వస్తుంది. తెలిసే చేస్తున్నాను. నీ మీద ప్రేమ లేక కాదు.

నిన్న మ్యాచ్‌కి నేనూ తాతా ఇద్దరమే ఉన్నాం. హాఫ్‌టైమ్‌లో సగం మందికి అందలేదు, సెకండాఫ్ మొదలయ్యాక గ్యాలరీ మెట్ల మీద స్ట్యూ ప్లేట్లు పట్టుకుని తిరిగాను. ఈ వ్యాపారం పోతే ఇంకో పని చూసుకోగలను. కెరోలిన్ లేకపోతే నాకు ఏ పనీ చేతకాదు. ఆ సంగతి నాకు ఇప్పుడు బాగా తెలిసింది.

జాబేజ్


టెక్కలి
16 సెప్టెంబరు 2024

జాబేజూ,

వారం రోజులు కలం ముట్టలేదు. నీ మీద కోపంతో అని నువ్వు అనుకుని ఉంటావు. మొదటి రెండు రోజులూ అంతే.

పాస్టరుకి నువ్వు రాసింది శుక్రవారమే అందింది. నాకు రాసింది సోమవారం వచ్చింది. మధ్యలో ఆదివారం. అంటే నాకేమీ తెలియకుండానే ముందు బల్ల మీద కూర్చున్నాను, ఎప్పట్లా. ప్రసంగం అయ్యాక పాస్టరు ఒక కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. నాకు పెదాలు కదలడమే కనపడుతుంది. కాసేపటికి ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. నీ క్లబ్బు కప్పు గెలిచిన వార్త అనుకుని నవ్వాను. ఎవరూ నవ్వలేదు. పక్కావిడని ఏమిటమ్మా అంటే ఆమె పెన్సిలు సంచిలో దాచేసుకుంది. అప్పుడు పాస్టరే దిగి వచ్చి కాగితం నా చేతిలో పెట్టాడు.

నిలబడే చదివాను. మొత్తం చదివాను. ఇంత రాసినవాడు తప్పులు మూడే చేశాడని కూడా అనుకున్నాను, చూడు నా బుద్ధి. గోడ మీద నీ ఫోటో ఉంది, కింద నేను నిలబడి ఉన్నాను. కూర్చుని తల దించుకుంటే సరిపోయేది. కూర్చోలేకపోయాను. ఎంత గట్టిగా మాట్లాడుతున్నానో నాకే తెలియదు కదా, వీధిలోకి వినపడిందట. "మా అన్నయ్య బట్లరు. ఆయన కంచాలు పట్టిన చేతులతోనే నన్ను సదివించాడు" అన్నాను. ఇంకా చెప్పాల్సింది ఉంది. చెప్పకుండానే కూర్చున్నాను.

ఆ మిగిలింది నీకు రాస్తున్నాను. దీన్ని కెరోలిన్‌కి చదివి వినిపించు. ఆమెకి చదవడం రాకపోవడం మంచిదే అయింది, నువ్వు నోటితో చదవాలి. ఒక్క ముక్క వదలకుండా చదువు.

కంచం దగ్గర నిలబడకూడదన్న మాట మీ నాన్నది కాదు, నాది. ఆయన ఎన్నడూ అనలేదు. ఆయనకి ఆ పని ఇష్టం. బల్ల మీద కత్తీ ఫోర్కూ వంకరగా ఉంటే నిద్రపట్టేది కాదు. వండే చేతికి సిగ్గేటే అని నన్నే నవ్వేవాడు. సిగ్గు నాది. నేను టీచర్ని, నలుగురిలో తిరిగేదాన్ని. ఆయన పోయాక ఆయన మాట అని చెబుతూ వచ్చాను. చనిపోయినవాళ్ళు కాదనరు కదా. చెప్పగా చెప్పగా నేనే నమ్మాను. ఆ అబద్ధం నీ మెడలో వేసి ఇన్నేళ్ళు మోయించాను. నువ్వు ఆ కుర్చీలోకి పరిగెత్తింది నీ కాళ్ళతో కాదురా, నా మాటతో.

1998లో మన బడికి, దాన్ని నడిపే మిషను దొరలు వచ్చారు. బడి బాగుందని మెచ్చుకుని టీచర్లందరినీ ఓడల ఆఫీసర్ల మెస్సులో భోజనానికి పిలిచారు. మీ నాన్న పనిచేసే చోటే. ఆయన తెల్లకోటు వేసుకుని వడ్డిస్తున్నాడు. నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది. చెల్లెలు దొరల బల్ల దగ్గర కూర్చుందని ఆయన గర్వం. నా పక్కన కూర్చున్న పెద్ద టీచరమ్మ, ఈ బట్లరు మీ తెలుగువాడిలా ఉన్నాడే, తెలుసా అని నన్నడిగింది. నేను తెలియదన్నాను.

ఆయన నా వెనకే ఉన్నాడు, గిన్నె పట్టుకుని. ఇదే స్ట్యూ. నా పక్కకి వచ్చి వంగి, నన్నెప్పుడూ ఒసే దయా అని తప్ప పిలవని మనిషి, "అమ్మగారూ, ఇంకొంచెం వెయ్యమంటారా?" అన్నాడు. నేను కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

ఇంటికొచ్చాక ఆ మాట ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. ఎప్పట్లాగే నవ్వాడు, ఎప్పట్లాగే నాకు అన్నం పెట్టాడు. ఇంకో పదకొండేళ్ళు బతికాడు. క్షమించమని అడగడానికి నాకు నాలుగు వేల రోజులుండేవి. రేపు అడుగుదాం అనుకుంటూనే ఆయన్ని మట్టిలో పెట్టాను. నీకు భార్య షాలిమార్‌లోనే ఉంది, బతికే ఉంది. వెళ్ళు.

కెరోలిన్‌ని పనిమనిషి అన్నందుకు నన్ను తనే కొట్టినా పడతానని చెప్పు.

దయమ్మ


ఏక్‌బాల్‌పూర్
30 సెప్టెంబరు 2024

దయత్తకి,

నీ ఉత్తరం పట్టుకుని అందిన రోజే షాలిమార్ వెళ్ళాను. కెరోలిన్ లోపలికి రమ్మనలేదు. నువ్వు రాసిందని చెబితే మెట్టు మీద కూర్చోమంది, తను గుమ్మంలో నిలబడింది. యార్డులో గూడ్సు బళ్ళు తిప్పుతున్నారు, ఆ చప్పుడుకి రెండుసార్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. నాన్న గిన్నె పట్టుకుని వంగిన చోటికి వచ్చేసరికి నా వల్ల కాలేదు. కాగితం మడవబోయాను. "సదువు" అంది. చదివాను. అయ్యాక మళ్ళీ మొదట్నించీ చదవమంది. రెండోసారి తను కూడా మెట్టు మీద కూర్చుని విన్నది.

నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచింది. తర్వాత, ఆ రాత్రి మీ నాన్న ఇంటికొచ్చి ఎలా ఉన్నాడో నీకు గుర్తుందా అని నన్నడిగింది. నాకు అప్పుడు పదకొండేళ్ళు. గుర్తులేదన్నాను. నిజంగానే గుర్తులేదు అత్తా. ఆ రోజు బంతి ఆడుకుంటూ ఉండి ఉంటాను.

శనివారం వచ్చింది. నా కోసం కాదని, తాత చేతులు వణుకుతుంటే చూడలేక అని ముందే చెప్పింది. హాఫ్‌టైమ్ విజిల్ పడింది. నేను ఏప్రను కట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డాను. వచ్చినవాడికల్లా ప్లేటు ఇస్తూ, ఈవిడ నా భార్య కెరోలిన్, క్యాంటీన్ ఈవిడదే అని చెప్పడం మొదలుపెట్టాను. ఇరవై మందికి చెప్పాను. ఆ గ్యాలరీ ముసలాయన, "మాకు తెలుసులే బాబూ, స్ట్యూ పెట్టు" అన్నాడు. వెనక నుంచి కెరోలిన్, "సాల్లే, బ్రెడ్డు కొయ్యి, లైను పెరిగిపోతంది" అంది. పదిహేను నిమిషాల్లో ఒక్కరు కూడా ఉత్త చేతులతో వెళ్ళలేదు. లోపల నుంచి సెకండాఫ్ విజిల్ విన్నాను. బంతి ఎవరి దగ్గరుందో తెలియలేదు. ఎప్పట్లాగే కాళ్ళు లేచాయి. ప్లేట్లు కడగడానికి వెళ్ళాను.

నన్ను క్షమించిందో లేదో ఇంకా చెప్పలేదు. ఇంటికి మాత్రం వచ్చింది. కింద నీకు తనే రాస్తానంది, అడిగిన మాటకల్లా అక్షరాలు చెప్పాను.

జాబేజ్

అత్తయ్య గారికి కెరోలిన్ రాసేది. నాకు రాయడం సరిగా రాదు, పొద్దుట్నించీ రాస్తున్నాను. ఇతన్ని నెల రోజులు ప్లేట్లు కడగమన్నాను. కడుగుతున్నాడు. మీ మీద నాకు కోపం వచ్చింది, ఇప్పుడు సగం ఉంది. మిగతా సగం మీరు వస్తే పోతుంది. మావయ్యగారిని నేను చూడలేదు. ఆయన స్ట్యూ రోజూ నేనే వడ్డిస్తున్నాను. డిసెంబరులో పాస్టరుగారితో రండి, టెంటులో మీకు బల్ల వేస్తాను. నేను మీ పక్కకి వచ్చి ఇంకొంచెం వెయ్యమంటారా అని అడుగుతాను. అప్పుడు చెయ్యి అడ్డం పెట్టకండి.